కౌంటరు మింద మోచేతులు

అంగట్లో పనికి కొత్తగా చేరిన ఆడపిల్లలు ఎవురన్నా కనపడితే నేను ముందు ఒగ మాట చెప్తా. మీరు అమ్మే వస్తువును ఒగసారి అంగడి బయటికి తీస్కపోయి చూడండి అని. వాళ్లు నవ్వుతారు. చెప్పులంగట్లో చేరిన పిల్లయితే, "చెప్పులు బయట గాక ఇంగ యాడ ఏసుకుంటారక్కా" అనింది. దాని మాటా నిజమే. కానీ నాకు ఈ సంగతి తెలిసేదానికి మూడేండ్లు పట్టింది. నడాన ఒగ పెద్దాయన నల్లరాయి చెడిపోయేదాకా వచ్చింది.

నేను నంద్యాలలో ఒగ కండ్లద్దాలంగట్లో పనిచేసినా. పది తప్పినా, లెక్కల్లో. మళ్ల రాయమని మా నాయన శానా చెప్పినాడు, నేనే రాయలా. నోరుండాది గదా, అది చాలు అనుకున్నా. మా ఓనరన్న గూడా నన్ను పనిలో పెట్టుకున్నది ఆ నోటికే. ఇప్పుడు పెండ్లయి డోన్‌లో ఉండా, ఇంట్లో మిషను కుట్టుకుంటాండా. అంగడి ఇడిసి రెండేండ్లాయ, అయినా కండ్లద్దాలు పెట్టుకున్నోళ్లు ఎవురు ఎదురుపడినా, వాళ్ల ముక్కు మింద ఫ్రేము వంకరగా ఉందా సరిగా ఉందా అని చూసే రోగం మాత్రం పోలా.

అంగట్లో మేం ముగ్గురమే. ఓనరన్నది తాతల కాలం నుంచి యాపారం చేసే ఇల్లు. మంచోడే, కానీ ఇంటికి పోయేటప్పుడు గూడా రెండు అమ్మే పోవల్ల అనే రకం. ఎనక రూములో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెట్టే ఆయన్ని భాయ్ అనేటోళ్లం. యాభై దాటినాయి. రోజంతా అరగదీసే మిషను మోతలో ఉండి ఉండి తక్కువ మాట్లాడేటోడు. మాట్లాడితే మాత్రం ఒగటి తగిలేది.

నేను చేరిన ఏడాదే ఓనరన్న హైదరాబాద్ నుంచి ఒగ పెట్టెనిండా బైనాక్యులర్లు తెచ్చినాడు. అన్నీ చిన్నవి, అరచేతిలో పట్టేటివి. నల్లమల పక్క కొండలెక్కేదానికి పోయే పిల్లోళ్లు, చేన్లల్లో పందుల కాపలా కాసే రైతులు అడుగుతాండారంట. గాజు బీరువాలో పై అర వాటికే ఇచ్చినాడు. నాకు రెండు రకాలు చూపించి పాఠం చెప్పినాడు.

"ఇది ఎనిమిది ఇంతలు పెద్దగా చూపిస్తాది. ఇంతే, ఇంగ పెరగదు, తగ్గదు. ఇది జూము. పది నుంచి ముప్పై దాకా. ఈ లీవరు తొయ్యి, పెరుగుతాది. ఎవురొచ్చినా జూము చూపీ."

"ఎందుకన్నా, ఎనిమిది బాగలేదా?"

"ఎనిమిది పెద్దదా, ముప్పై పెద్దదా?"

లెక్కల్లో తప్పినా గానీ అంత మాత్రం నాకు తెలుసు.

భాయ్ ఎనక రూములో నుంచి, "నంబరు కంటికి గాదు బేటీ, నోటికి" అన్నాడు. ఓనరన్న ఇననట్లే ఉన్నాడు. నాకు అర్థం గాలా. భాయ్ మాటలు సగం అట్లనే ఉండేటివి, ఇనేసి ఇడిసిపెట్టేదాన్ని.

అమ్మే పద్ధతి చెప్తా. మా అంగడి ఎదురుగా రోడ్డవతల ఒగ దవాఖానా. దాని బోర్డు మింద డాక్టరు పేరు పెద్దగా, ఆ పేరు ఎనక డిగ్రీలు చీమల మాదిరి చిన్నగా రాసుండారు. వచ్చినోళ్లకు బైనాక్యులర్ ఇచ్చి, కౌంటరు కాడ నిలబెట్టి, "ఆ డిగ్రీలు సదవండి" అనేదాన్ని. లీవరు నేనే తోసేదాన్ని. డిగ్రీలు ముక్కు ముందరకొచ్చి నిలబడేటివి. బ్రాకెట్లో ఏ ఊరి కాలేజో గూడా సదివేటోళ్లు. ఇంగ వేరే మాట చెప్పే పనే లేదు, బిల్లు రాసేదే.

నేను చేరి మూడేండ్లు కావస్తావుంటే, ఒగ మధ్యాన్నం ఆ పెద్దాయన వచ్చినాడు. తెల్ల పంచె, భుజం మింద తువ్వాలు, చేతుల మింద ఎంట్రుకల్లో సన్నగా బూడిద మాదిరి రాతిదుమ్ము. ఆళ్లగడ్డలో రోడ్డు పక్క రాతిబొమ్మలు చెక్కే షెడ్లుంటాయి గదా, అట్లాంటి షెడ్డు ఆయనది.

"పాపా, దుర్బీను ఉందా? జేబులో పట్టేది. ఒగ చేత్తో కాగితం పట్టుకోవల్ల, రెండో చేతికి బరువు గాకూడదు."

"యాడికి పోతాండారు పెద్దాయనా, కొండకా?"

"కొండ గాదు, గోపురం."

స్టూలు మింద కూర్చోబెట్టినా. నీళ్లిచ్చినా. నాకు మాటలు కావల్ల, ఆయనకూ చెప్పాలనే ఉంది.

ఆళ్లగడ్డకు అరగంట దూరంలో ఒగ ఊరు. ఆడ గుడి గోపురం మింద, మొదటి అంతస్తులో, దావకు రెండు పక్కలా రెండు రాతి ఆడబొమ్మలు. శానా పాతవి. ఎడమ పక్కది పిడుగు పడి ముక్కలైపోయింది. కుడి పక్కది బాగుంది. దాన్ని చూసి జతబొమ్మ చెయ్యమని ఊరి పెద్దలు ఈయనకు చెప్పినారు. ఎక్కి చూద్దామంటే గోపురమంతా తేనెపట్లు. పెద్ద ఈగలు. ఒగ పెండ్లిలో ఫోటోలు తీసే పిల్లోడు డ్రోను ఎగరేసినాడంట. పెండ్లికూతురుతో సహా అందరూ పక్కింట్లో దూరి తలుపులేసుకున్నారంట.

"మరి బొమ్మ నిలబెట్టేదెట్ల పెద్దాయనా?"

"ఎండాకాలం పోతానే పట్లు తీసేటోళ్లు వస్తారు. అప్పుడు పైకెక్కేదానికి కట్టెలతో సారవ కడతారు. సారవ కట్టే నాటికి నా బొమ్మ తయారుగా ఉండాల, మంచిరోజు పెట్టేసినారు. ఒళ్లంతా నాకు తెలుసు, నిలబడిన పద్ధతి, చీర మడతలు, అన్నీ అయిపోయినాయి. కుడిచెయ్యి ఇట్ల పైకెత్తి ఏందో పట్టుకోనుంది. ఆ పట్టుకున్నదేందో కిందినుంచి తెలియడం లేదు. సెల్లులో తీస్తే మసి పూసినట్ల వస్తాంది."

"అంచనాగా చేస్తే?"

"రాయి పాపా. మట్టి గాదు. ఒగసారి పోయిందంటే పోయిందే. చెయ్యి కాడ రాయి ముద్దగా ఇడిసిపెట్టినా. తెలిసినంక చెక్కుతా." అట్ల చెప్పి, ఆయనే నవ్వుకున్నాడు. "జతబొమ్మలో తేడా ఒగటే ఉండాల. అది గూడా మేం కావాలని ఇడిసిపెట్టేది. మా నాయన నేర్పిన పద్ధతి. చిన్న తేడా ఒగటి, ఎవురికీ కనపడని కాడ. పాతదేదో కొత్తదేదో ఎనకొచ్చే శిల్పికి తెలియాల గదా."

నేను ఎనిమిదిది, జూముది, రెండూ ముందర పెట్టినా. ఆయన ముందు ఎనిమిదిదే తీసుకోని చూసినాడు. "ఇది బాగుంది, తెల్లగా కనపడ్తాంది" అన్నాడు గూడా. నేను ఊరుకోవల్ల గదా. ఊరుకోలా. జూముది చేతిలో పెట్టినా. ఆయన కౌంటరు మింద మోచేతులు పెట్టి వంగి చూసినాడు. లీవరు తోసినా. డాక్టరు డిగ్రీలు గడగడా సదివినాడు.

"గోపురం మింద బొమ్మకు ముక్కుపుడక ఉంటే కనపడ్తాదా?"

"ముక్కుపుడకేంది పెద్దాయనా, ముక్కుపుడకలో రాయి గూడా కనపడ్తాది."

ఆయన నా మొగం ఒగసారి చూసినాడు. తువ్వాలు కొసన దుడ్లు ఇప్పినాడు. పోతావుంటే నేనే ఎనక నుంచి, "లీవరు ఆఖరుదాకా తొయ్యండి పెద్దాయనా, మీరు దుడ్లు ఇచ్చింది ఆ ముప్పైకే" అని చెప్పినా. ఆ మాట ఇప్పుడు తల్సుకున్నా నాలిక కొరుక్కుంటా.

ఒగ నెలకేమో, కొలిమిగుండ్ల దగ్గర మా చిన్నమ్మోళ్ల ఊరికి పోయే పని పడింది. ఆ ఊర్లో పందుల బాధ శానా. జూముది ఒగటి ఇయ్యన్నా, వాళ్లకు చూపిస్తా అని అడిగినా. ఓనరన్న మొగం ఎలిగిపోయింది. "పో పాపా. రెండు అమ్ముకోని రా."

సాయంత్రం చిన్నమ్మను చేను గట్టు మింద నిలబెట్టి బైనాక్యులర్ ఇచ్చినా. లీవరు ఆఖరుదాకా తోసినా.

"ఏందే ఇది, తాగినోని మాదిరి ఊగుతాంది."

"పట్టుకునేది నువ్వు చిన్నమ్మా, అది యాడ ఊగుతాది."

"అయితే నువ్వు పట్టుకో, చూస్తా నీ గొప్ప."

పట్టుకున్నా. మొక్కజొన్న చేనంతా ఎగిరెగిరి పడ్తాంది. ఒగ కంకి దొరికితే రెండోది దొరకదు. దొరికినా మబ్బుగా, సాయంత్రం ఏడైనట్ల కనపడ్తాంది. నిజానికి ఇంగా మంచి ఎలుతురే ఉంది. అయినా నోరు ఊరుకోదు గదా. చేను అవతల నల్లగా ఏందో కనపడింది.

"చిన్నమ్మా, అగ్గో పంది. పండుకోనుంది."

చిన్నమ్మ పక్క చేను రైతును కేకేసింది. ఆయప్ప కట్టె తీసుకోని, ఇంగొగన్ని తోడు తీసుకోని, అడుగులో అడుగేసుకుంటా పోయినాడు. పోయి, కట్టెతో పైకెత్తి చూపించినాడు. డ్రిప్పు పైపుల చుట్ట.

"పాపా, మీ దుర్బీనులో పంది ఇదే. ఈ పొద్దు కూరకు ఇదేనా?" అని అరిసినాడు. చేన్లల్లో ఉన్నోళ్లంతా నవ్వినారు. చిన్నమ్మ అందరికంటే ఎక్కువ నవ్వింది.

సిగ్గేసి గట్టు దిగి, బావి కాడ మోటరు రూము గోడకు ఆనుకున్నా. ఊరకనే గోడ మింద మోచేతులు పెట్టి మళ్ల చూసినా. చేను నిలబడిపోయింది. పైపుల చుట్ట, దానికి కట్టిన తెల్లదారం, కట్టె మింద ఆయప్ప వేళ్లు, అన్నీ కదలకుండా నిలబడినాయి. మోచేతులు తీసినా. ఎగిరింది. మళ్ల పెట్టినా. నిలబడింది.

మూడేండ్లు నేను అమ్మింది బైనాక్యులర్లు గాదు, మా కౌంటరు. వచ్చినోళ్లందరూ దాని మిందే మోచేతులు పెట్టుకోని చూసినారు. గోపురం కింద కౌంటరు యాడుంటాది?

అప్పుడు ఆ పెద్దాయన గుర్తొచ్చినాడు. 

ఇంత చెప్పినా గదా, తెల్లారే ఫోన్ చేసింటా అనుకుంటారు. చెయ్యలా. సోమవారం బిల్లుబుక్కులో నంబరు తీసినా, మూసినా. మంగళవారం తీసినా, గిరాకి వచ్చింది, మూసినా. ఆయనేమన్నా అడిగినాడా, మనమెందుకు తవ్వుకునేది అని ఒగ మనసు. అడగలేదంటేనే నా మాట నమ్మినాడు గదా అని ఇంగో మనసు. బుధవారం మధ్యాన్నం చేసినా. కోడలు ఎత్తింది.

"మామ షెడ్డులో ఉండాడు. సెల్లు ఇంట్లోనే ఇడిసిపోతాడు. ఏమన్నా చెప్పల్లనా?"

"బొమ్మ అయిపోయిందాక్కా?"

"చెయ్యి ఒగటే ఉండాది. రేపు పొద్దున పది లోపల మంచి టైము ఉందంట, దానికే చూస్తాండాడు. తామరమొగ్గ అంట చేతిలో. రెండుసార్లు పోయి చూసొచ్చినాడు పాపం, పని అయినంక, పొద్దుగూకే యాలకు. ఇంగ ఈ బొమ్మయితానే ఉలి పక్కన పెట్టేస్తా అంటాండాడు. మోకాళ్లు అయిపోయినాయి. ఇదే ఆఖరు పెద్ద బొమ్మ."

పొద్దుగూకే యాలకు. ముప్పై మింద పెట్టి. తల పైకెత్తి, చేతులు గాల్లో పెట్టి. నాకు పంది కనపడినట్ల, ఆయనకు తామరమొగ్గ కనపడింది. మొగ్గే కావచ్చు. గాకపోతే?

ఓనరన్నను రేపు సెలవడిగినా. ఎందుకో చెప్పినా.

"ఆయప్ప ఏమన్నా అన్నాడా?"

"లేదన్నా."

"వస్తువు పగిలిందా?"

"లేదన్నా."

"మరి పుండు లేని కాడ మందు పూస్తావా? పాపా, నాకు అర్థం గాని సంగతి ఒగటి. అంత ఎత్తున ఉండే బొమ్మ చేతిలో మొగ్గుందా గరిటుందా, కిందినుంచి ఎవురు చూస్తారు?"

 "ఒగ దినమే అన్నా" అని మళ్ల అడిగినా. సెలవు ఇచ్చినాడు, మొగం మాత్రం గంటుపెట్టుకున్నాడు.

సాయంత్రం పోయేటప్పుడు భాయ్ నా టిఫిను సంచి అడిగి తీసుకున్నాడు. మళ్ల ఇచ్చినప్పుడు బరువుగా ఉంది. లోపల ఎనిమిదిది. "ఓనరుకు నేను చెప్తాలే. పొద్దున ఎండలో చూడు, సాయంత్రం గాదు" అన్నాడు.

"భాయ్, నంబరు నోటికి అని ఆ పొద్దు నువ్వు చెప్పింది నాకు ఇప్పుడు అర్థమైంది."

"మూడేండ్లకా? పర్వాలే బేటీ. కొందరికి రిటైరైనంక అయితాది."

తెల్లారి మొదటి బస్సెక్కినా. ఆళ్లగడ్డలో దిగి షెడ్డు ఎతుక్కుంటా పోయేసరికి ఎనిమిదిన్నరయింది. రోడ్డు పక్క అన్నీ బొమ్మలే. తలల్లేని దేవుళ్లు, కండ్లు తెరవని దేవుళ్లు, మిషన్ల మోత, తెల్లదుమ్ము. పెద్దాయన షెడ్డు ఆఖర్లో. బొమ్మ నిలువెత్తున నిలబడుంది. నిజం చెప్తా, నేను గుళ్లల్లో బొమ్మలను మొక్కేసి పోయే రకం, ఆగి చూసే రకం గాదు. ఆ పొద్దు ఆగి చూసినా. చీర మడతలు గాలికి కదుల్తాయేమో అన్నట్లుండాయి. కుడిచెయ్యి పైకెత్తి ఉంది. దాని కొసన మాత్రం ముద్దరాయి, దాని మింద కావిరంగుతో గీసిన మొగ్గ గీత. రాయికి కుంకుమ పెట్టినారు. కింద పళ్లెంలో కర్పూరం. పెద్దాయన ఉలి చేతిలో పట్టుకోని కూర్చోనుండాడు.

"ఎవురూ... అద్దాలంగడి పాప గదా. నువ్వేంది ఈడ?"

దావంతా ఎట్ల చెప్పల్లనో అల్లుకోని వచ్చినా. ఒగటీ గుర్తులేదు.

"పెద్దాయనా, ఆ చెయ్యి చెక్కొద్దు."

పక్కన సాన పట్టే ఆయప్ప మిషను ఆపి చూసినాడు. శుభమా అని పని మొదలుపెట్టే టైములో ఎవురో ఆడపిల్ల వచ్చి చెక్కొద్దు అంటే ఎట్లుంటాదో మీరే తల్సుకోండి.

"ఏం మాటలు పాపా. నేను రెండుసార్లు చూసినా. నా కండ్లు మంచివే."

"మీ కండ్లు మంచివే. నేనే మంచిగా చెప్పలా. ఆ పొద్దు మా అంగట్లో మీరు డిగ్రీలు సదివినారు గదా, అప్పుడు దుర్బీను పట్టుకున్నది మీ చేతులు గాదు, మా కౌంటరు. మోచేతులు దాని మింద పెట్టుకోనుంటిరి. గోపురం కాడ మీకు మొగ్గ నిలబడి కనపడిందా, ఊగుతా కనపడిందా?"

ఆయన ఉలిని వేళ్ల మధ్య తిప్పుతాండాడు.

"ఊగుతాండె" అన్నాడు. "నా వయసు ఊగుతాంది అనుకున్నా."

ఆ మాటకు నాకు కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. నేనమ్మిన వస్తువు ఊగితే, పెద్దాయన తన చేతులను తప్పుపట్టుకున్నాడు. ఆ చేతులను. ఉలి పట్టే పని ఇడిసిపెట్టేస్తా అన్నది గూడా అందుకేనేమో అని అప్పుడు తట్టింది.

పైపుల చుట్ట సంగతి చెప్పినా. సాన పట్టే ఆయప్ప పక్కకు తిరిగి నవ్వినాడు. పెద్దాయన నవ్వలా. గోడ మింద గడియారం చూసినాడు. తొమ్మిది కావస్తాంది.

"పోయి రావల్లంటే గంటన్నర. టైము దాటిపోతాది" అన్నాడు సాన పట్టే ఆయప్ప.

"దాటనీలే. చూసింది సరిగ్గా ఉన్నప్పుడే రాయికి మంచి టైము." ఉలి పళ్లెంలో పెట్టినాడు. "ఆటో పిలువు."

గుడి కాడికి పోయేసరికి ఎండ గోపురం మొగాన పడ్తాంది. పట్లు నల్లగా ఏలాడ్తాండాయి. ఈగల మోత కిందికే ఇనపడ్తాంది. ముందు జూముది తీసి, నిలబడి చూసినాడు. లీవరు ముప్పై మింద. చేతులు చూసినా, సన్నగా అదురుతాండాయి. నావి అయినా అదురుతాయి, ఎవురివైనా అదురుతాయి.

"లీవరు ఎనక్కి లాగండి, పది కాడికి."

లాగినాడు. "ఓ. తెల్లగయింది. ఇందాక కంటే నయం."

"ఇది చూడండి." ఎనిమిదిది ఇచ్చినా.

నిలబడే చూసినాడు ముందు. తర్వాత ఏమనుకున్నాడో, ఎదురుగా ఉన్న అరుగు కాడికి పోయి, ఈపు గోడకు ఆనించి కూర్చోని, మోకాళ్లు మడిచి, మోకాళ్ల మింద మోచేతులు పెట్టినాడు. నేను చెప్పలా. ఆయనే.

"ఉలి పట్టేటోడు మోచెయ్యి ఆనించకుండా దెబ్బ ఎయ్యడు" అన్నాడు, కండ్లు దుర్బీనులోనే పెట్టి. "నేర్చుకునే పిల్లోళ్లకు నేను మొదటి రోజు చెప్పే మాట అది. దీనికి గూడా అదే అని నాకు తట్టలా చూడు."

అట్లనే శానాసేపు చూసినాడు. నేను ఆయన మొగం చూస్తాండా. ఏమీ తెలియడం లేదు. కడాకు కండ్ల నుంచి తీసి నాకిచ్చినాడు.

"నువ్వు చూడు. నేను చూసింది చెప్పను. నీకేం కనపడ్తాందో అది చెప్పు. అంగట్లో చెప్పినట్ల గాదు."

అరుగు మింద ఆయన మాదిరే కూర్చున్నా. మోకాళ్ల మింద మోచేతులు. దుర్బీను నడాన ఉండే చక్రం తిప్పి తిప్పి తెల్లగా చేసుకున్నా. బొమ్మ మొగం కనపడింది, భుజం కనపడింది, చెయ్యి ఎంట పైకి పోయినా. ఏలు మింద ముద్దగా ఏందో. మొగ్గ మాదిరే ఉంది. మాట నోటిదాకా వచ్చింది. మింగినా. ఇంగా కొంచేపు చూసినా. ఊపిరి బిగబట్టినా. మొగ్గకు పైన చిన్న వంకీ ఉంది. కింద, మణికట్టు దాటి, సన్నగా పొడుగ్గా జారింది ఏందో. తామరమొగ్గకు తోక ఎందుకుంటాది?

"చిలక" అన్నా. "ముక్కు వంగుంది. తోక చెయ్యి మింద పండుకోనుంది."

పెద్దాయన తువ్వాలుతో మొగం తుడుచుకున్నాడు.

"నాకూ అదే. మొగ్గ చెక్కింటే తోకకు రాయి ఉండేది గాదు." అన్నాడు.  

మళ్ల ఆయనే, "ముక్కుపుడక కనపడిందా?" అన్నాడు.

మళ్ల చూసినా. బాగా చూసినా. "లేదు పెద్దాయనా. ముక్కు ఒట్టిదే."

"ఆ పొద్దు రాయి గూడా కనపడ్తాదంటివి."

"మరి మీరెందుకు అడిగినారు ఆ మాట?"

"ఉందో లేదో నాకూ తెలీదు. తెలియకనే అడిగినా. నువ్వు బొమ్మనే చూడకుండా రాయిదాకా పోతివి." అప్పుడు నవ్వినాడు. ఎంతసేపు నవ్వినాడంటే ఈగలు లేస్తాయేమో అని భయమేసింది.

మరుసటి వారం ఆయనే నంద్యాలకు వచ్చినాడు, జూముది తిరిగిచ్చి ఎనిమిదిది తీసుకునేదానికి. నేనున్నప్పుడే వచ్చినాడు. ఓనరన్న కొంచెం గొణిగి మార్చిచ్చినాడు. ఇచ్చి ఊరుకున్నాడా, లేదు. నన్నడిగిన మాటే ఆయన్నూ అడిగినాడు. "ఏమనుకోవద్దు పెద్దాయనా, అంత ఎత్తున మొగ్గయితే ఏంది, చిలకయితే ఏంది. ఎవురు చూస్తారు?"

"నువ్వు దుర్బీన్లు అమ్ముతాండావ్ గదప్పా" అన్నాడు పెద్దాయన. "చూసేటోళ్లను తయారుచేసేది నువ్వే."

ఎనక రూములో మిషను ఆగిపోయింది. భాయ్ తల బయట పెట్టి పెద్దాయన్ని ఒగసారి చూసి, మళ్ల లోపలికి పోయినాడు. ఆయన అంతగా మెచ్చుకునేది నేను మళ్ల చూడలా.

ఆ పొద్దు నుంచి నేను అమ్మే పద్ధతి మారింది. వచ్చినోళ్లను కౌంటరు దాటించి, మెట్లు దించి, రోడ్డు పక్క నిలబెట్టేదాన్ని. "దేనికీ ఆనుకోకుండా చూడండి. రెండు నిమిషాలు చూడండి" అనేదాన్ని. జూము కావల్లనే వాళ్లకు, "పదిలోనే ఎక్కువసేపు ఉంటారు, ముప్పై కావల్లంటే మూడుకాళ్ల స్టాండో గోడో ఎతుక్కోవల్ల, సాయంత్రాలు మబ్బుగా ఉంటాది" అని ఉన్నదున్నట్ల చెప్పేదాన్ని. కండ్లద్దాలు పెట్టుకున్నోళ్లకు, దుర్బీనుకు కండ్ల కాడ ఉండే రబ్బరు ఎనక్కి మడిచి ఇచ్చేదాన్ని. అయినా సగం మంది జూమే కొనేటోళ్లు. అది వాళ్ల ఇష్టం. తెలిసి కొన్నారు. ఓనరన్న మొదట్లో, "గిరాకిని రోడ్డు మిందకు తోల్తాండావ్" అని గొణిగేటోడు. మనిషికి మనిషి చెప్పి పంపించేది మొదలైనంక ఆపేసినాడు.

ఎండాకాలం పోయింది. పట్లు తీసినారు, సారవ కట్టినారు, బొమ్మ ఎక్కింది. సారవ ఇప్పిన వారానికి కోడలు ఫోన్ చేసింది. "మామ నిన్ను రమ్మంటాండాడు. పొద్దున ఎండలో రావల్లంట. గట్టిగా చెప్పమన్నాడు."

నేను పోయేసరికి ఆయన అరుగు మింద కూర్చోనుండాడు. పక్కన జాగా తుడిచి పెట్టినాడు. ఉలి ఇడిసిపెట్టేస్తా అన్న మాట మళ్ల ఎత్తలేదంట. ఇంగో ఊరోళ్లు వచ్చి అడిగితే, చూద్దాంలే అన్నాడంట. ఇదంతా కోడలే చెప్పింది.

తల ఎత్తి చూసినా. గోపురానికి రెండు పక్కలా రెండు ఆడబొమ్మలు. ఒగటి పాతబడి గోధుమరంగులో ఉంది, ఒగటి నల్లగా ఉంది. ఒట్టి కండ్లకు రెండు చేతుల్లోనూ ముద్దలే. ఓనరన్న మాటే నిజమేమో అనిపించింది ఒగ గడియ.

పెద్దాయన ఎనిమిదిది నా చేతిలో పెట్టినాడు.

"నల్లదాన్ని చూడు. నిదానంగా."

కూర్చున్నా. ఈపు గోడకు ఆనించినా. మోకాళ్ల మింద మోచేతులు పెట్టినా. ఊపిరి తీసి ఇడిసినా. చిలక కనపడింది. పక్క బొమ్మ చిలకతో మాట్లాడ్తాన్నట్ల ఇట్లకు తిరిగుంది, తోక చెయ్యి మింద నిండుగా ఉంది.

"చిలక బాగుంది పెద్దాయనా."

"చిలక గాదు. కిందికి రా. మొగం చూడు."

కిందికి దింపినా. కండ్లు. ముక్కు. ముక్కుకు ఎడమ పక్క చుక్కంత ఎత్తుగా ఏందో ఉంది. దుర్బీను దించి, అద్దం తుడిచి, మళ్ల పెట్టినా. పాత బొమ్మ ముక్కు చూసినా, ఒట్టిదే. మళ్ల నల్లదాని ముక్కు చూసినా.

"పెద్దాయనా, మీరు ఒగ తేడా ఇడిసిపెడ్తాం అంటిరి గదా. అది..."

"ఏం కనపడిందో చెప్పు. తేడాల సంగతి ఎనక."

"ముక్కుపుడక."

"రాయి?"

తొందరపడలా. ఎండ కొంచెం జరిగేదాకా అట్లనే పట్టుకోని కూర్చున్నా. చుక్క నడాన గోటిమొనంత గుంట, ఆ గుంటలో ఏందో తళుక్కుమనింది.

"ఉంది" అన్నా.